ఒక్క తప్పుతో అన్నీ పోకుండా: ఆన్‌లైన్ ఖాతాలకు గట్టి ఏర్పాట్లు

ముందు ఈమెయిల్ సంగతి చూడండి. బ్యాంకు కావచ్చు, ఫోటోలు దాచుకునే చోటు కావచ్చు, సోషల్ మీడియా కావచ్చు, ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని నొక్కితే కొత్తది పెట్టుకునే లింకు వచ్చి పడేది మెయిల్‌లోకే. మెయిల్ ఎవడి చేతిలో పడిందో వాడికి మిగతా పాస్‌వర్డ్‌లు తెలియనక్కర్లేదు, ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతాడు. అందుకే పది ఖాతాలకు పైపైన తాళాలు వేసే బదులు ఈ ఒక్కదానికి గట్టిగా వేసి, ఆ తర్వాత మిగతావాటి జోలికి వెళ్లడం మేలు.

ఎంత జాగ్రత్తపరులైనా ఏదో ఒక రోజు నిద్రమత్తులోనో హడావిడిలోనో తప్పు లింకు నొక్కుతారు. కింద చెప్పేవన్నీ ఆ రోజు కోసం చేసి పెట్టుకునే ఏర్పాట్లు. నొక్కినా నష్టం ఒక ఖాతాతోనో, ఒక పరికరంతోనో ఆగిపోవాలి.

మెయిల్ ఖాతాకు అరగంట

కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి కూర్చోండి. కొన్ని సెట్టింగులు ఫోన్ యాప్‌లో కనబడవు.

ఇంకెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టండి. పాస్‌వర్డ్ తర్వాత రెండో రుజువు కూడా అడిగే టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేయండి. అప్పుడు వచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి, ముఖ్యమైన పత్రాలు ఉండే చోట పెట్టండి. స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో ఉంచితే, ఫోన్ పోయిన రోజు కోడ్‌లూ దానితోనే పోతాయి.

తర్వాత రికవరీ నంబరు, రికవరీ మెయిల్ చూడండి. ఎప్పుడో వదిలేసిన సిమ్ నంబరు ఇంకా అక్కడే కూర్చుని ఉండొచ్చు. వాడుకలో లేని నంబర్లను టెలికాం కంపెనీలు కొన్నాళ్లాగి వేరేవాళ్లకు ఇస్తాయి. మీ ఖాతా తలుపు తెరిచే కోడ్ అప్పుడు ముక్కూ మొహం తెలియని మనిషికి వెళ్తుంది.

ఇక చాలామంది తొంగి కూడా చూడని మూల ఫార్వర్డింగ్, ఫిల్టర్లు. జీమెయిల్‌లో అయితే ‘సీ ఆల్ సెట్టింగ్స్’ లోపల ఈ రెండింటికీ వేరువేరు ట్యాబులు ఉంటాయి. మెయిల్‌లోకి దూరినవాడు అక్కడ చిన్న నియమం ఒకటి పెట్టి వెళ్తాడు: ఫలానా మాట ఉన్న మెయిల్ వస్తే నా చిరునామాకు పంపు, ఇక్కడ చెరిపేయి అని. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ నియమం చెక్కుచెదరదు. మీరు పెట్టని నియమం ఏది కనబడినా తీసేయండి. మీ ఖాతాను చదవడానికి అనుమతి తీసుకున్న బయటి యాప్‌ల జాబితా కూడా సెక్యూరిటీ పేజీలోనే ఉంటుంది. ఎప్పుడో ఒకసారి వాడి మరిచిపోయినవాటిని అక్కడి నుంచే తొలగించవచ్చు.

పాస్‌వర్డ్‌లు: బలం కంటే ముందు, రెండుచోట్ల ఒకటే వద్దు

ఏదో చిన్న సైటు డేటా బయటపడుతుంది. అందులో మీ మెయిల్, పాస్‌వర్డ్ ఉంటాయి. దొంగలు ఆ జంటను ప్రోగ్రాముతో వందల పెద్ద సైట్లలో పెట్టి చూస్తారు. ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా ఉంటే అది ఎంత పొడుగైనా, ఎన్ని గుర్తులున్నా ఉపయోగం లేదు. 2009లో రాక్‌యూ అనే కంపెనీ నుంచి 3 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు ఏ ముసుగూ లేకుండా, ఉన్నవి ఉన్నట్టుగా బయటపడ్డాయి. ఆ జాబితా ఇప్పటికీ పాస్‌వర్డ్ ఊహించే ప్రోగ్రాములకు ఓనమాల పుస్తకంలా పనికొస్తోంది.

మీ మెయిల్ ఏయే లీకుల్లో ఉందో ‘హ్యావ్ ఐ బీన్ పోన్డ్’ అనే సైటులో చూసుకోవచ్చు. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా భద్రతా నిపుణుడు 2013లో మొదలుపెట్టినది అది. అక్కడ మెయిల్ చిరునామా ఇస్తే చాలు, పాస్‌వర్డ్ అడగదు. లీకుల్లో మీ మెయిల్ కనబడితే కంగారు వద్దు. లీకైన సైటులో వాడిన పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడెక్కడ ఉందో గుర్తు చేసుకుని అక్కడల్లా మార్చండి.

ఇన్ని వేరువేరు పాస్‌వర్డ్‌లు మనిషికి గుర్తుండవు. ఉండాల్సిన అవసరమూ లేదు. బిట్‌వార్డెన్, కీపాస్‌ఎక్స్‌సీ, వన్‌పాస్‌వర్డ్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండి. అది బరువనిపిస్తే ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో ముందే ఉన్న మేనేజర్ కూడా, అన్నిచోట్లా ఒకటే పాస్‌వర్డ్ వాడటం కంటే ఎంతో నయం. ప్రతి ఖాతాకూ 16 నుంచి 20 అక్షరాల పాస్‌వర్డ్ అదే పుట్టిస్తుంది, అదే నింపుతుంది.

మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఆ మేనేజర్ తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే. దానికి పాచికల పద్ధతి బాగుంటుంది. ఒక పాచిక 5 సార్లు వేస్తే వచ్చే అంకెలకు 7,776 మాటల జాబితాలో ఒక మాట దొరుకుతుంది. అలా 6 మాటలు. ఆరు మాటల్లో వచ్చే కలయికలు 2 తర్వాత 23 సున్నాలు పెడితే వచ్చే సంఖ్యకు పైనే. ఇక్కడ బలం మాటలది కాదు, వాటిని ఏరింది మీరు కాకపోవడానిది. మనసుకు తోచిన మాటలు ఏరితే పిల్లల పేర్లు, నచ్చిన పాట పల్లవి, పుట్టిన ఏడాదే వస్తాయి.

తెలుగు మాటలే కావాలంటే లావుపాటి నిఘంటువును కళ్లు మూసుకుని ఆరుసార్లు తెరిచి వేలు పెట్టండి. గొడుగు, నత్త, నిచ్చెన, తుప్పు, వంతెన, ఆవలింత, ఇలా వస్తాయి (ఇవి రాసేశాం కనుక ఇవి మాత్రం వాడకండి). టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి, ఎందుకంటే కొత్త కంప్యూటర్ ముందు లాగిన్ తెర దగ్గర తెలుగు కీబోర్డు దొరకకపోవచ్చు. అలా రాసేటప్పుడు ‘చ’కు ఒక అక్షరమా రెండా, దీర్ఘానికి అక్షరం రెట్టిస్తారా లేదా అన్నది ముందే తేల్చుకోండి. నెల తర్వాత మాటలు గుర్తుండి స్పెల్లింగు గుర్తులేక బయట నిలబడాల్సి వస్తుంది. మొదటి రెండు వారాలు రోజుకోసారి చేత్తో టైపు చేస్తే వేళ్లకు అలవాటైపోతుంది. కాగితం మీద ఒక కాపీ ఇంట్లో భద్రంగా ఉంచడం తప్పేమీ కాదు. ఇంటర్నెట్ దొంగ మీ బీరువా దాకా రాడు.

మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలన్న పాత సలహాను పక్కన పెట్టండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ నియమం అక్కర్లేదంది. మార్చమని ఒత్తిడి చేస్తే జనం చివరి అంకెను ఒకటి పెంచి ఊరుకుంటారు, దొంగల ప్రోగ్రాములకు ఆ సంగతి బాగా తెలుసు. లీకైందని తెలిసినప్పుడో, అనుమానం వచ్చినప్పుడో మారిస్తే చాలు.

రెండో తాళంలో తేడాలు

ఎస్ఎంఎస్‌లో వచ్చే ఓటీపీ అన్నిటికంటే బలహీనం. దొంగ మీ పేరుతో డూప్లికేట్ సిమ్ తీయించుకుంటే మీ ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, ఓటీపీలు వాడికి వెళ్తాయి. చుట్టుపక్కల అందరికీ సిగ్నల్ ఉండి మీకొక్కరికే గంటలకొద్దీ లేకపోతే ఇంకో ఫోన్ నుంచి వెంటనే కంపెనీకి చెప్పండి. అయినా ఏమీ లేకపోవడం కంటే ఎస్ఎంఎస్ నయమే. వేరే దారి ఇవ్వని సైట్లలో అదే పెట్టుకోండి.

అథెంటికేటర్ యాప్ దానికంటే మెరుగు. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్య సంఖ్య మీ ఫోన్‌లోకి వస్తుంది. ఆ సంఖ్యనూ గడియారాన్నీ కలిపి యాప్ 30 సెకన్లకోసారి 6 అంకెల కోడ్ కడుతుంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. కోడ్ సరిగ్గా కొట్టినా ‘తప్పు’ అంటుంటే చాలాసార్లు నేరం ఫోన్ గడియారానిదే, టైమును ఆటోమేటిక్‌లో పెట్టండి. ఫోన్ మార్చేటప్పుడు పాతది చెరిపేసే ముందే యాప్‌ను కొత్తదానిలోకి బదిలీ చేయాలి. ఈ ఒక్కటి మరిచి సొంత ఖాతాల బయట నిలబడేవాళ్లు ఎక్కువ.

పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉండే డిజిటల్ తాళంచెవి), యూఎస్‌బీ సెక్యూరిటీ కీ (అదే పని చేసే చిన్న పరికరం) అన్నిటికంటే గట్టివి. ఓటీపీ అయినా, యాప్ కోడ్ అయినా మీరు నకిలీ సైటులో టైపు చేస్తే దొంగ అదే క్షణంలో అసలు సైటులో కొట్టి లోపలికి పోగలడు. పాస్‌కీ మాత్రం ఏ సైటుకు చేశారో ఆ సైటు చిరునామాకే కట్టుబడి ఉంటుంది. నకిలీ సైటులో మీరు ఇద్దామన్నా అది వెళ్లదు. ఎక్కడ పాస్‌కీ పెట్టుకోమంటే అక్కడ ఒప్పుకోండి, మెయిల్‌కు ముందుగా.

‘లాగిన్ అవుతున్నది మీరేనా?’ అని తెర మీద వచ్చే ప్రశ్నతో ఒక ప్రమాదముంది. 2022 సెప్టెంబరులో ఊబర్ కంపెనీలోకి దొంగ దూరింది ఈ దారినే. ఒక కాంట్రాక్టరు పాస్‌వర్డ్ సంపాదించి, మళ్లీమళ్లీ లాగిన్ ప్రయత్నిస్తే ఫోన్‌కు ఆ ప్రశ్న పదేపదే వెళ్లింది. చివరికి ఒకసారి ‘అవును’ పడింది. మీరు అడగకుండా ఆ ప్రశ్న వచ్చిందంటే మీ పాస్‌వర్డ్ అప్పటికే ఎవడి దగ్గరో ఉందని అర్థం. ‘కాదు’ నొక్కి, వెంటనే పాస్‌వర్డ్ మార్చండి.

లింకు చదవడం

అక్షరదోషాలు చూసి నకిలీ మెయిల్ పట్టేసే రోజులు పోయాయి, ఇప్పుడు దొంగలు కూడా చక్కటి భాషే రాస్తున్నారు. చూడాల్సింది చిరునామా.

హెచ్‌టీటీపీఎస్ తర్వాత వచ్చే రెండు ఏటవాలు గీతలు (//) దాటండి. అక్కడి నుంచి మొదటి ఏటవాలు గీత దాకా ఉన్న ముక్క మాత్రమే లెక్క. ఆ ముక్కను కుడి నుంచి ఎడమకు చదవండి. ఉదాహరణకు ‘మీబ్యాంకు డాట్ కామ్ డాట్ వెరిఫై-లాగిన్ డాట్ టాప్’ అని ఉందనుకోండి. కుడి చివర ‘టాప్’, దాని ముందు ‘వెరిఫై-లాగిన్’. సైటు యజమాని ఆ వెరిఫై-లాగిన్‌వాడు. ఎడమ పక్కన మీ బ్యాంకు పేరు ఉన్నా అది అద్దె ఇంటి ముందు ఇష్టమొచ్చిన బోర్డు తగిలించుకున్నట్టే. ఫోన్ తెర మీద చిరునామా మొదటి సగమే కనబడుతుంది కాబట్టే ఈ ఎత్తు పనిచేస్తుంది. కొన్ని దేశాల చిరునామాల్లో చివరి రెండు ముక్కలూ (‘కో డాట్ ఇన్’ లాంటివి) కలిసి ఒకటిగా లెక్క, అక్కడ ఇంకో ముక్క ఎడమకు జరిగి చూడాలి.

చిరునామా పక్కన కనబడే తాళం గుర్తును నమ్మకండి. అది మీకూ ఆ సైటుకూ మధ్య మాటలు మూడోవాడు వినలేడని చెబుతుంది, అంతే. అవతల ఉన్నది దొంగే అయితే దొంగతోనే గుట్టుగా మాట్లాడుతున్నారు. ఈ గుర్తును జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో తీసేసింది.

ఇంత చదివే ఓపిక రోజూ ఎవరికీ ఉండదు. దానికి పాస్‌వర్డ్ మేనేజరే మందు. అది కళ్లతో కాక అక్షరం అక్షరం పోల్చి చూస్తుంది. ఇంగ్లీషు ‘ఎ’ బదులు అచ్చం అలాగే కనబడే రష్యన్ అక్షరం పెట్టినా మోసపోదు. ఎప్పుడూ తనంతట తానే నింపే మేనేజర్ ఒక రోజు నింపలేదంటే, దాన్ని తిట్టుకుంటూ పాస్‌వర్డ్ కాపీ చేసి అతికించకండి. చాలామంది సరిగ్గా ఇక్కడే దొరికిపోతారు. ఆ ట్యాబు మూసి, చిరునామా మీరే టైపు చేసి వెళ్లండి. మెయిల్‌లో చెప్పిన సమస్య నిజమైతే అక్కడా కనబడుతుంది.

క్యూఆర్ కోడ్ కూడా లింకే, చదవలేని లింకు. స్కాన్ చేశాక తెరిచే ముందు చిరునామా చూపిస్తుంది, అక్కడ ఒక్క క్షణం ఆగండి.

మీ చేతే చేయించే మోసాలు

ఇప్పుడు బాగా తిరుగుతున్న ఎత్తు ఇది. ఏదో సైటులో ‘నేను రోబోను కాదు’ పెట్టె వస్తుంది. టిక్ కొడితే బొమ్మలు రావు, సూచనలు వస్తాయి: విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కండి, తర్వాత కంట్రోల్, వి నొక్కండి, ఎంటర్ కొట్టండి. మీరు టిక్ కొట్టిన క్షణంలోనే ఆ పేజీ ఒక కమాండ్‌ను మీకు తెలియకుండా కాపీ చేసి పెట్టింది. మొదటి సూచనతో రన్ పెట్టె తెరుచుకుంటుంది, రెండోదానితో ఆ కమాండ్ అందులో పడుతుంది, మూడోదానితో అది నడుస్తుంది. మ్యాక్‌లో అయితే కమాండ్‌లు టైపు చేసే టెర్మినల్ తెరవమంటారు. ఏ నిజమైన పరీక్షా బ్రౌజర్ దాటి బయటికి వెళ్లమనదు.

అలా నడిచిన కమాండ్ ఎక్కువగా బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లను, కుకీలను ఎత్తుకుపోయే ప్రోగ్రామును దింపుతుంది. కుకీ అంటే ‘ఈయన ఇప్పటికే లాగిన్ అయ్యాడు’ అని సైటు ఇచ్చిన చీటీ. ఆ చీటీ దొంగ దగ్గరుంటే పాస్‌వర్డ్ అడగరు, ఓటీపీ అడగరు. పొరపాటున చేసేసి ఉంటే వైఫై ఆపేయండి. ఇంకో పరికరం నుంచి మెయిల్‌తో మొదలుపెట్టి పాస్‌వర్డ్‌లు మార్చండి, ‘అన్ని పరికరాల నుంచి లాగ్ అవుట్’ తప్పకుండా నొక్కండి. ఆ చీటీలు చెల్లకుండా పోయేది దానితోనే. కంప్యూటర్‌ను యాంటీవైరస్‌తో ఒకసారి తుడిచి సరిపెట్టుకోకుండా విండోస్‌ను మళ్లీ కొత్తగా ఎక్కించండి.

తెర నిండా ఎర్రగా ‘మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అని మోత మోగితే అది వట్టి వెబ్ పేజీ. ఎస్కేప్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, పూర్తి తెర వదులుతుంది. వదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఆపేయండి. మళ్లీ తెరిచినప్పుడు పాత ట్యాబులు తెరవమంటావా అంటే వద్దనండి. ఆ నంబరుకు ఫోన్ చేస్తే దూరం నుంచి కంప్యూటర్ నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి పెట్టుకోమంటారు. అవి మంచి ప్రోగ్రాములే, కానీ తెర తాళాలు అవతలివాడికి అప్పగిస్తున్నారు.

యాప్‌లు, ఎక్స్‌టెన్షన్లు, అటాచ్‌మెంట్లు

మెసేజ్‌లో వచ్చిన ఏపీకే ఫైలును (ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కించే ఫైలు) ఎవరు పంపినా ఇన్‌స్టాల్ చేయకండి. పంపినవాళ్ల ఫోన్ ముందే దొంగ చేతిలో ఉండొచ్చు. ఆండ్రాయిడ్‌లో అన్నిటికంటే ప్రమాదకరమైన అనుమతి యాక్సెసిబిలిటీ. చూపు సరిగా లేనివాళ్లకు తెర చదివి వినిపించడానికి పెట్టిన సదుపాయం అది. ఆ అనుమతి ఉన్న యాప్ తెర మీద ఉన్నదంతా చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి అక్కడున్న యాప్‌ల పేర్లు చూడండి. టార్చిలైటుకో, ఫోటో ఎడిటర్‌కో అక్కడ పనిలేదు. ఎస్ఎంఎస్, నోటిఫికేషన్లు చదివే అనుమతులూ అలాగే తనిఖీ చేయండి, ఓటీపీ కనబడేది వాటిలోనే.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాము) మంచిదని పెట్టుకున్నా చేతులు మారొచ్చు. ‘ద గ్రేట్ సస్పెండర్’ ఏళ్ల తరబడి లక్షలమంది వాడిన ఎక్స్‌టెన్షన్. 2020లో కొత్తవాళ్ల చేతికి అమ్ముడైంది, 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ తీసేసింది. వాడనివి తొలగించండి, మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగేలా ఉంచుకోండి.

విండోస్ మామూలుగా ఫైలు పేరు చివరి ముక్కను దాచేస్తుంది. అందుకే ‘బిల్లు డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్ఈ’ అనే ప్రోగ్రాము ‘బిల్లు డాట్ పీడీఎఫ్’లా కనబడుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ కింద ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేయండి.

అప్‌డేట్లు, రూటర్, బయటి వైఫై

ఫైళ్లకు తాళమేసి డబ్బు గుంజే వాన్నాక్రై అనే ప్రోగ్రాము (ఇలాంటివాటిని రాన్‌సమ్‌వేర్ అంటారు) 2017 మే 12న ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళమేసింది. అది దూరిన రంధ్రానికి మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే అప్‌డేట్‌తో అతుకు వేసి పెట్టింది. రెండు నెలలు ‘రేపు చూద్దాం’ అన్నవాళ్లు దొరికిపోయారు. ఆటో అప్‌డేట్ ఆన్‌లో ఉంచండి, బ్రౌజర్‌ను రోజులకొద్దీ మూయకుండా వదలకండి, చాలా అప్‌డేట్లు తిరిగి తెరిచినప్పుడే అమలవుతాయి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన పాత ఫోన్‌లో బ్యాంకు యాప్ ఉంచకండి.

రూటర్‌కు 192.168.0.1 లేదా 192.168.1.1 అని బ్రౌజర్‌లో కొడితే సెట్టింగులు వస్తాయి, లేకపోతే చిరునామా దాని అడుగున రాసి ఉంటుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. అది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరేది. 2016లో మిరాయి అనే ప్రోగ్రాము కెమెరాలను, రూటర్లను లక్షల్లో వశం చేసుకున్నది కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్‌లు సుమారు 60 వరుసగా ప్రయత్నించే. వైఫై భద్రత రకంలో డబ్ల్యూపీఏ3 ఉంటే అది, లేకపోతే డబ్ల్యూపీఏ2 పెట్టండి. డబ్ల్యూపీఎస్ (బటన్‌తోనో పిన్‌తోనో పరికరాలను వైఫైకి కలిపే సదుపాయం), బయటి నుంచి రూటర్ నిర్వహణ రెండూ ఆపేయండి.

బయటి వైఫై అంటే పూర్వమున్నంత భయం ఇప్పుడు అక్కర్లేదు, సైట్లన్నీ దాదాపుగా మాటలు మూడోవాడు వినలేని హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి. వీపీఎన్ (మీ ఇంటర్నెట్ రాకపోకలను ఇంకో కంపెనీ గుండా గుట్టుగా నడిపే సేవ) ప్రకటనలు చెప్పేంత అవసరమూ లేదు. అది నకిలీ సైటు నుంచి కాపాడదు. వైఫై కోసం మెయిల్ పాస్‌వర్డ్ అడిగే పేజీకి మాత్రం ఏమీ ఇవ్వకండి.

బ్యాకప్

మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటి బయట. రాన్‌సమ్‌వేర్ మీ కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డ్రైవుకు కూడా తాళమేస్తుంది. కాబట్టి ఎక్స్‌టర్నల్ డిస్కును వారానికోసారి తగిలించి, కాపీ అయ్యాక పీకి పక్కన పెట్టండి. ఫైళ్లను ఆన్‌లైన్‌లో ఎప్పటికప్పుడు అచ్చం ఇక్కడున్నట్టే ఉంచే క్లౌడ్ సింక్‌ను బ్యాకప్ అనుకోవద్దు, ఇక్కడ పాడైన ఫైలును అది అక్కడికీ నమ్మకంగా మోస్తుంది. పాత వెర్షన్లు ఎన్ని రోజులు దాస్తుందో చూసుకోండి. మూడు నెలలకోసారి ఏదో ఒక ఫోల్డరు బ్యాకప్ నుంచి నిజంగా వెనక్కి తెచ్చి తెరిచి చూడండి. ఫైళ్లకు తాళం పడ్డాక డబ్బు కట్టే ఆలోచనకు ముందు ‘నో మోర్ రాన్‌సమ్’ సైటు చూడండి. యూరోపోల్, నెదర్లాండ్స్ పోలీసులు 2016లో భద్రతా కంపెనీలతో కలిసి పెట్టిన ఆ సైటులో కొన్ని రకాలకు ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి.

ఖాతా పోయినప్పుడు వరుస

శుభ్రంగా ఉన్న పరికరం నుంచే మొదలుపెట్టండి. డబ్బు ప్రమాదంలో ఉంటే ముందు బ్యాంకుకు ఫోన్, కార్డు వెనక ఉన్న నంబరుకు. వెతికితే పైన వచ్చే నంబర్లు దొంగలవి కావచ్చు. తర్వాత మెయిల్ పాస్‌వర్డ్, అన్ని పరికరాల నుంచి లాగ్ అవుట్, రికవరీ నంబరు, ఫిల్టర్లు. ఆ తర్వాతే మిగతా ఖాతాలు. మెసేజ్‌లు, మెయిళ్లు, టైములు స్క్రీన్‌షాట్ తీసి ఉంచండి, పోలీసులకు ఇవ్వాల్సి వస్తుంది. మీ పేరుతో డబ్బు అడిగే మెసేజ్‌లు వెళ్లి ఉండొచ్చు కాబట్టి దగ్గరివాళ్లకు వేరే దారిలో చెప్పండి.

ఖాతా పోయిందని నలుగురిలో రాసుకున్న కాసేపటికే ‘ఫలానా ఆయన నాది తిరిగి ఇప్పించారు’ అంటూ ఒక పేరు, ఒక నంబరు వస్తాయి. ఆ ఆయన ముందు ఫీజు అడుగుతాడు, తర్వాత మీకు వచ్చిన రికవరీ కోడ్ అడుగుతాడు. ఖాతా తిరిగి ఇవ్వగలిగింది ఆ సేవ నడిపే కంపెనీ ఒక్కటే, అదీ దాని సొంత రికవరీ పేజీలో, డబ్బు తీసుకోకుండా.